ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవడం ఎలా? మొండికేసిన బోల్టులు విప్పడం ఎలా?

కారు ముందు బ్రేక్ ప్యాడ్లు సొంతంగా మార్చుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. మార్చుకోవచ్చు. అయితే పని మొదలుపెట్టిన గంటకు వాళ్లే ఇంకో ప్రశ్న అడుగుతారు: "బోల్టు ఎంతకీ కదలడం లేదు, ఏం చెయ్యాలి?" పాత ప్యాడ్లు తీసి కొత్తవి పెట్టడం నిజానికి పది నిమిషాల పని. ఆ ప్యాడ్ల దాకా చేరడానికి, ఆ తర్వాత శుభ్రం చెయ్యడానికే సమయమంతా పోతుంది. అందుకే ఇక్కడ ప్యాడ్ల కన్నా బోల్టుల గురించే ఎక్కువ చెబుతున్నాం.

ఇది ఒకే పిస్టన్ (ప్యాడ్‌ను తోసే లోహపు ముక్క) ఉండి, రెండు స్లైడ్ పిన్నుల మీద అటూ ఇటూ జరిగే కాలిపర్ (చక్రంతో పాటు తిరిగే డిస్కుకు ప్యాడ్లను అదిమే భాగం) ఉన్న కార్లకు. ఎక్కువ కార్ల ముందు చక్రాలకు ఉండేది ఈ రకమే. వెనుక చక్రాలకు ఇదే పద్ధతి వాడొద్దు. కొన్ని కార్లలో వెనుక పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. బలవంతంగా నొక్కితే మోటారు పాడవుతుంది.

ఎప్పుడు మార్చాలి

కొత్త ప్యాడ్‌కు రాపిడి పదార్థం సుమారు 10 నుంచి 12 మి.మీ. మందం ఉంటుంది. అది 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చే సమయం అయింది. కొలిచేటప్పుడు వెనుక ఉన్న ఇనుప రేకును కలపకండి, చాలామంది పొరబడేది అక్కడే. చక్రం సందుల్లోంచి తొంగిచూస్తే బయటి ప్యాడ్ మాత్రమే కనిపిస్తుంది. లోపలి ప్యాడ్ దానికన్నా ముందే అరిగిపోయి ఉండవచ్చు, కాబట్టి చక్రం ఊడదీసి రెండూ చూడాలి. బ్రేకు వేసినప్పుడు సన్నగా కీచుమంటుంటే ప్యాడ్‌కు ఉండే హెచ్చరిక రేకు డిస్కును తాకుతోందేమో చూడండి. గరగరమని ఇనుము మీద ఇనుము రాసిన చప్పుడు వస్తుంటే డిస్కు కూడా దెబ్బతిన్నట్టే. అప్పుడు బండి నడపడం ఆపండి.

ఒక వైపే అరిగినా సరే, ప్యాడ్లు ఎడమ, కుడి రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. లేకపోతే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

ఏమేం కావాలి

- మీ బండి మోడల్, ఇంజన్, తయారైన ఏడాది చెప్పి కొన్న ప్యాడ్లు. ఒకే మోడల్‌లో రెండు రకాల కాలిపర్లు ఉండటం మామూలే. ప్యాడ్లతో పాటు కొత్త క్లిప్పులు వస్తే ఇంకా మంచిది.
- జాకీ, జాక్ స్టాండు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు.
- ఆరు మూలల సాకెట్లు: 12, 13, 14, 17, 19 మి.మీ. కొన్ని కార్లలో పిన్నులకు 7 మి.మీ. ఎలెన్ కీ కావాలి.
- పొడవాటి బ్రేకర్ బార్ (సాకెట్‌ను తిప్పే కడ్డీ), సన్నటి ఫిక్స్ పానాల సెట్టు, ఓ మోస్తరు బరువున్న సుత్తి.
- టార్క్ రెంచ్. ఇది బిగింపు బలాన్ని కొలిచే పానా, బిగించడానికే వాడాలి. మొండి బోల్టులు విప్పడానికి వాడితే దాని కొలత తప్పిపోతుంది.
- పిస్టన్ నొక్కడానికి సి క్లాంప్, లేదా అందుకోసమే చేసిన పనిముట్టు.
- తుప్పు వదిలించే స్ప్రే, బ్రేక్ క్లీనర్, వైర్ బ్రష్, చిన్న ఆకురాయి.
- బ్రేకులకు వాడే సిలికాన్ లేదా సిరామిక్ గ్రీజు. మామూలు బేరింగు గ్రీజు వద్దు. పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేకుల్లోని రబ్బరు ఉబ్బి పిన్నులు పట్టేస్తాయి.
- కాలిపర్ వేలాడదీయడానికి గట్టి తీగ, చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు.

స్ప్రే ఒకటుంటే చాలనుకుని బ్రేకర్ బార్ దగ్గర పొదుపు చేస్తుంటారు. నిజానికి మొండి బోల్టుల్లో ఎక్కువ భాగాన్ని వదిలించేది పొడవాటి బార్, సరిగ్గా కూర్చునే ఆరు మూలల సాకెట్. స్ప్రే ఆ తర్వాతి మాట.

పని క్రమం

1. బండిని కదలకుండా చెయ్యండి. గట్టి, చదునైన నేల మీద నిలపండి. హ్యాండ్ బ్రేకు వెయ్యండి, గేరులో ఉంచండి, వెనుక చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. ఇప్పుడే నడిపి వచ్చి ఉంటే డిస్కులు చల్లారేదాకా ఆగండి.

2. చక్రం నట్లను నేల మీద ఉండగానే వదులు చెయ్యండి. పావు చుట్టో అర చుట్టో చాలు. బండిని ఎత్తాక గట్టిగా లాగితే జాకీ మీద నుంచి జారిపోతుంది.

3. జాకీతో ఎత్తి, స్టాండు పెట్టండి. తయారీదారు చూపించిన చోటే జాకీ పెట్టాలి. స్టాండు మీదికి బరువు దిగాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. ఊడదీసిన చక్రాన్ని బండి కింద పడుకోబెట్టండి, స్టాండు జారినా అదొక అడ్డు. జాకీ ఒక్కదాన్నే నమ్మి పని చెయ్యకూడదు, ఇందులో బేరం లేదు.

చక్రం హబ్బుకు (చక్రాన్ని బిగించే మధ్య భాగానికి) తుప్పుతో అతుక్కుపోతే నట్లను రెండు మూడు మరలు పట్టేలా తిరిగి ఎక్కించి, టైరు పక్కభాగాన్ని కాలితో అటూ ఇటూ తన్నండి. వదిలినా నట్లు పట్టి ఉంచుతాయి. బండి స్టాండు మీద ఉన్నప్పుడే, అదీ పక్క నుంచే ఈ పని చెయ్యాలి.

4. స్టీరింగు తిప్పి కాలిపర్ వెనుక భాగం బయటికి వచ్చేలా చెయ్యండి. విప్పేముందు ఫోటో తీసుకోండి: ప్యాడ్లు ఎటు తిరిగి ఉన్నాయి, క్లిప్పులు ఎలా ఉన్నాయి, బ్రేక్ ఆయిల్ గొట్టం ఎటు వంగి ఉంది. పిస్టన్ చుట్టూ తడి కనిపించినా, రబ్బరు తొడుగు చిరిగినా, గొట్టానికి పగుళ్లున్నా ప్యాడ్లు మార్చినంత మాత్రాన సరిపోదు. ముందు ఆ లోపం సరిచేయించాలి. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోకండి. ఏదైనా మర్చిపోతే చూసుకోవడానికి అది నమూనాగా పనికొస్తుంది.

5. బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. పిస్టన్‌ను లోపలికి నొక్కినప్పుడు ఆయిల్ పైకి వస్తుంది. ప్యాడ్లు అరిగినప్పుడు ఎవరైనా పైదాకా పోసి ఉంటే అది పొంగి పెయింటును తినేస్తుంది. నిండుగా ఉంటే సిరంజితో కొంత తీసెయ్యండి. కారినచోట వెంటనే నీళ్లతో కడగండి.

6. స్లైడ్ పిన్ బోల్టులు విప్పండి. కాలిపర్‌ను పట్టి ఉంచేవి వెనుక వైపున్న రెండు చిన్న బోల్టులు, సాధారణంగా 12, 13 లేదా 14 మి.మీ. తలవి. వాటి పక్కనే 17 మి.మీ. లేదా అంతకన్నా పెద్ద తలలున్న రెండు బోల్టులు కనిపిస్తాయి. అవి బ్రాకెట్టువి, అంటే కాలిపర్‌ను, ప్యాడ్లను మోసే చట్రానివి. ప్యాడ్లు మార్చడానికి వాటితో పనిలేదు. డిస్కు కూడా మార్చాలంటేనే అవి విప్పాలి. రెండింటికీ తేడా తెలియక, అక్కర్లేని పెద్ద బోల్టుతో పెనుగులాడేవాళ్లు ఎక్కువ.

చాలా కార్లలో కింది బోల్టు ఒక్కటి తీసి కాలిపర్‌ను పైకి మడిస్తే చాలు. అయినా రెండూ తీయడమే మేలు, అప్పుడే రెండు పిన్నులనూ శుభ్రం చెయ్యగలం. బయటికొచ్చిన కాలిపర్‌ను తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. గొట్టం మీద వేలాడనివ్వకూడదు. పైకి ఏమీ కనిపించకపోయినా గొట్టం లోపలి పొర చిట్లుతుంది. కాలిపర్ బయట ఉన్నంతసేపూ బ్రేకు పెడల్ ఎవరూ తొక్కకూడదు, తొక్కితే పిస్టన్ ఊడి బయటికొస్తుంది.

బోల్టు కదలకపోతే

ఇక్కడ తొందర పనికిరాదు. కింద చెప్పినవి వరుసగా ప్రయత్నించండి, ఒకటి చెయ్యకుండా రెండోదానికి వెళ్లకండి.

*ఎటు తిప్పుతున్నారో చూసుకోండి.* బోల్టు తల బండి లోపలి వైపుకు తిరిగి ఉంటుంది. మీరు బయట కూర్చుని చెయ్యి వెనక్కి పెట్టి తిప్పుతారు. దాంతో విప్పుతున్నామనుకుని బిగించేస్తారు. బోల్టు తలకు ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు ఊహించుకోండి, అక్కడి నుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశ. "కదలడం లేదు" అనే బోల్టుల్లో కొన్ని కేవలం ఈ ఒక్క కారణంతోనే కదలవు.

*తల శుభ్రం చెయ్యండి.* వైర్ బ్రష్‌తో తుప్పు, మట్టి రాల్చండి. ఎలెన్ తల అయితే గుంటలోని మట్టిని సూదితో మొత్తం తీసెయ్యండి, లేకపోతే కీ సగమే దిగి మూలలు అరిగిపోతాయి. సాకెట్‌ను సుత్తితో చిన్నగా కొట్టి అడుగుదాకా కూర్చోబెట్టండి. పన్నెండు మూలల రింగు పానా, సర్దుకునే పానా మొదటి ప్రయత్నంలోనే వాడొద్దు. తల మూలలు పోయాక మీ చేతిలో ఉండే దారులు సగానికి తగ్గిపోతాయి.

*పిన్ను తిరుగుతోందేమో చూడండి.* బోల్టుతో పాటు లోపలి స్లైడ్ పిన్ను కూడా తిరుగుతుంటే ఎంతసేపు తిప్పినా బోల్టు ఊడదు. పిన్నుకు రెండు వైపులా చదును చేసిన చోటు ఉంటుంది. అక్కడ సన్నటి ఫిక్స్ పానా పెట్టి ఆపి, అప్పుడు బోల్టు తిప్పండి. మామూలు పానా లావుగా ఉండి రబ్బరు తొడుగును చింపుతుంది, అందుకే సన్నటిది కావాలి.

*బ్రేకర్ బార్ వేసి ఒక్క గుంజు గుంజండి.* నెమ్మదిగా బలం పెంచుకుంటూ పోతే బోల్టు మెలిపడి తెగే ప్రమాదం ఉంది. బార్ చివర పట్టుకుని, చిన్నగా, గట్టిగా అదిరేలా లాగండి. టక్‌మని ఒక్క చప్పుడు వచ్చి వదిలితే తుప్పు పట్టు విడిందన్నమాట. రాకపోతే ముందు కొద్దిగా బిగించే వైపుకు, తర్వాత విప్పే వైపుకు, అలా అటూ ఇటూ. బార్ లాగేటప్పుడు మీవైపుకే లాగండి, తోయకండి. జారితే పిడికిలి వెళ్లి ఇనుముకు తగులుతుంది.

*స్ప్రే కొట్టి ఆగండి.* మర మొదలయ్యే చోట, వీలైతే మర చివర బయటికి కనిపించే వైపు కూడా కొట్టండి. డిస్కుకు, ప్యాడ్లకు తగలకుండా గుడ్డ అడ్డుపెట్టండి. స్ప్రే చెయ్యగానే లాగడంలో ప్రయోజనం లేదు. కనీసం అరగంట ఆగండి, రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది. మధ్యమధ్యలో బోల్టు తల మీద నిటారుగా సుత్తితో పది పదిహేను దెబ్బలు వెయ్యండి. మరల మధ్య పేరుకున్న తుప్పు ఆ అదురుకు చిట్లుతుంది, అప్పుడే నూనె లోపలికి దిగుతుంది. చిన్న ఇంపాక్ట్ గన్ ఉంటే తక్కువ శక్తిలో పెట్టి అటూ ఇటూ ఆడించినా ఇదే పని జరుగుతుంది.

*వేడి చివరి మాట.* బ్రాకెట్ బోల్టుకైతే చిన్న గ్యాస్ టార్చితో బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చెయ్యాలి. రంధ్రం వ్యాకోచించి పట్టు వదులుతుంది. కానీ దగ్గర్లోనే బ్రేక్ గొట్టం, ఏబీఎస్ సెన్సార్ తీగ, బాల్ జాయింటు రబ్బరు ఉంటాయి. స్లైడ్ పిన్ బోల్టులకైతే అసలు మంట పెట్టకండి, పిన్ను తొడుగులు కరిగిపోతాయి. స్ప్రే చేసిన చోట మంట చూపితే అంటుకుంటుంది, ముందు పూర్తిగా తుడవండి. ఇంకో ముఖ్యమైన హెచ్చరిక: కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి. వాటిని వేడి చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద చదవండి. అనుమానముంటే క్లీనర్ వాడిన చోట మంట జోలికి పోకండి.

*తల మూలలు అరిగిపోతే.* ఒక సైజు తక్కువ ఆరు మూలల సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించండి. అంగుళాల సాకెట్లలో సరిగ్గా మధ్యలో పడే సైజు ఒక్కోసారి దొరుకుతుంది. అదీ కుదరకపోతే లోపల మెలికల పళ్లుండే బోల్ట్ ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ కొనండి. ఇది తిప్పేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. లాకింగ్ ప్లయర్‌తో పట్టాలంటే ముందు ఆకురాయితో తలకు రెండు వైపులా చదును చేసుకోవాలి, లేకపోతే జారుతుంది. ఇలా తీసిన బోల్టును మళ్లీ వాడొద్దు, కొత్తది వెయ్యండి.

*బోల్టు తెగిపోతే.* స్లైడ్ పిన్నులో తెగితే పెద్ద నష్టం లేదు, పిన్నూ బోల్టూ సెట్టుగా కొత్తవి దొరుకుతాయి. బ్రాకెట్ బోల్టు స్టీరింగ్ నకుల్ (బ్రాకెట్, హబ్బు బిగించి ఉండే పెద్ద లోహపు భాగం) లోపల తెగితే మాత్రం అక్కడే ఆపండి. నడిమధ్యన రంధ్రం వేసి తీయడానికి నేర్పు, సరైన బిట్లు కావాలి. రంధ్రం పక్కకు పోతే నకుల్ మొత్తం మార్చాల్సి వస్తుంది. ఇది వర్క్‌షాపు పని. ఆ స్థితిలో బండిని నడుపుకుంటూ వెళ్లకండి, లాగించుకుని వెళ్లండి.

*పిన్నే బ్రాకెట్‌లో ఇరుక్కుంటే.* లాగకండి, తిప్పండి. ఫిక్స్ పానాతో అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ బయటికి రానివ్వండి. రాకపోతే బ్రాకెట్ విప్పి వైస్‌లో బిగించి ఇదే పని చెయ్యొచ్చు. గుంతలు పడిన పిన్నును రుద్ది వాడటం వృథా, కొత్తది వెయ్యండి.

*డిస్కును పట్టి ఉంచే చిన్న స్క్రూ.* డిస్కు కూడా మారుస్తుంటే ఇది ఎదురవుతుంది. చేతి స్క్రూడ్రైవర్‌తో దీని తల మీది గీతలు చాలాసార్లు పాడవుతాయి. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. స్క్రూ వచ్చినా డిస్కు రాకపోతే దాని ముఖం మీద చూడండి, చాలా డిస్కులకు రెండు మర రంధ్రాలు ఉంటాయి, చాలావరకు 8 మి.మీ. మరవి. వాటిలో రెండు బోల్టులు ఎక్కించి, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తే డిస్కు దానంతటదే బయటికొస్తుంది.

ప్యాడ్లు తీసి, చూసి, శుభ్రం చేసి, పెట్టడం

7. పాత ప్యాడ్లు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పారేసేముందు ఒక్క నిమిషం చూడండి, లోపం ఎక్కడుందో అవే చెబుతాయి. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది మందంగా ఉంటే స్లైడ్ పిన్నులు పట్టేశాయి, లేదా పిస్టన్ వెనక్కి పోవడం లేదు. ఒకే ప్యాడ్ ఒక కొసన పల్చగా, ఇంకో కొసన మందంగా ఉంటే ఒక పిన్ను ఇరుక్కుంది. మెరిసే నల్లటి పొర, అంచుల్లో పగుళ్లు ఉంటే ఎక్కువ వేడెక్కాయి. కారణం సరిచెయ్యకుండా కొత్తవి వేస్తే అవీ అలాగే అరుగుతాయి.

8. డిస్కు కొలవండి. అంచు మీదో, మధ్య గిన్నె భాగం మీదో కనీస మందం చెక్కి ఉంటుంది. అంచున పైకి లేచిన పెదవిని వదిలి, ప్యాడ్ రాసుకునే చోట మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల కొలవండి. కనీసానికి తగ్గితే డిస్కులు జతగా మార్చాలి. గోరు ఆగేంత లోతు గీతలు, పగుళ్లు ఉన్నా అంతే. కొత్త డిస్కు వేస్తే తుప్పు పట్టకుండా రాసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే వెయ్యాలి. హబ్బు ముఖం మీద తుప్పును కూడా వైర్ బ్రష్‌తో తీయండి. అక్కడ పలుకంత తుప్పున్నా డిస్కు వంకరగా కూర్చుని, కొన్నాళ్లకు బ్రేకు వేస్తే స్టీరింగు వణుకుతుంది.

9. బ్రాకెట్ శుభ్రం చెయ్యండి. ఫలితం అంతా ఆధారపడేది ఈ మెట్టు మీదే, చాలామంది దాటేసేదీ దీన్నే. పాత క్లిప్పులు ఊడదీసి, వాటి కింద పేరుకున్న తుప్పును ఆకురాయితో లోహం మెరిసేదాకా తీయండి. లోహాన్ని కొయ్యొద్దు, తుప్పు పోతే చాలు. బ్రేకు ధూళిని గాలి ఊది రేపకండి. క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి. పాత బండ్ల ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, మాస్కు తీయొద్దు.

పిన్నులు పూర్తిగా బయటికి తీసి పాత గ్రీజు తుడిచి, పలచగా కొత్త గ్రీజు రాయండి. రంధ్రం నిండా కూరితే లోపల గాలి చిక్కుకుని పిన్ను బయటికి తోసుకొస్తుంది. పైదీ కిందదీ మారకుండా చూడండి, కొన్ని కార్లలో ఒకదానికే రబ్బరు చుట్టు ఉంటుంది. శుభ్రమైన పిన్ను చేత్తో నొక్కితే మెత్తగా లోపలికి పోయి రావాలి.

10. పిస్టన్ లోపలికి నొక్కండి. పాత ప్యాడ్ ఒకటి పిస్టన్ ముఖం మీద అడ్డంగా పెట్టి, సి క్లాంప్‌తో నిదానంగా, వంకర పోకుండా నొక్కండి. మధ్యలో ఆయిల్ డబ్బా వైపు ఓ కన్నేసి ఉంచండి. ఎంత నొక్కినా పోకపోతే బలం పెంచకండి. బ్లీడర్ నిపుల్ (కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) కొద్దిగా వదిలి చూడండి. అప్పుడు సులువుగా పోతే గొట్టం లోపల మూసుకుపోయింది, అప్పుడూ పోకపోతే పిస్టన్ పట్టేసింది. రెండిట్లో ఏదైనా ప్యాడ్లతో తీరే సమస్య కాదు. నిపుల్ వదిలితే గాలి దూరకుండా చూడాలి, తర్వాత బ్రేకు బ్లీడ్ చెయ్యడానికి (ఆయిల్‌లోని గాలి తీసెయ్యడానికి) సిద్ధంగా ఉండాలి.

11. కొత్త ప్యాడ్లు కూర్చోబెట్టండి. కొత్త క్లిప్పులు వెయ్యండి. ప్యాడ్ చెవులు క్లిప్పులో ఆనే చోట, పిస్టన్ తాకే వెనుక రేకు మీద గ్రీజు పలచగా పూయండి. రాపిడి ముఖానికి, డిస్కుకు ఒక్క చుక్క కూడా తగలకూడదు. హెచ్చరిక రేకున్న ప్యాడ్ సాధారణంగా లోపలి వైపు వస్తుంది. బాణం గుర్తుంటే చక్రం ముందుకు తిరిగే దిశకు సరిపోవాలి. ప్యాడ్ చేత్తో తోస్తే జరగాలి. సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే తొమ్మిదో మెట్టు సరిగ్గా కాలేదు, వెనక్కి వెళ్లండి. రాపిడి పదార్థం డిస్కు వైపు ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. తిరగేసి పెట్టేవాళ్లు నిజంగానే ఉన్నారు.

12. కాలిపర్ బిగించండి. గొట్టం మెలిపడలేదు కదా చూడండి. బోల్టులను ముందు వేళ్లతో నాలుగైదు చుట్లు ఎక్కించండి. మొదటి చుట్టు నుంచే పానా పెడితే మర అడ్డంగా ఎక్కుతుంది. టార్క్ విలువ మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం. ఒక అంచనాకు, స్లైడ్ పిన్ బోల్టులు చాలా కార్లలో 25 నుంచి 35 న్యూటన్ మీటర్లు, బ్రాకెట్టువి సుమారు 80 నుంచి 120. బ్రాకెట్ బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవే వెయ్యాలని కొన్ని కంపెనీలు చెబుతాయి. మరలకు లాకింగ్ జిగురు ఉంటే పాతది గోకి కొత్తది రాయాలి.

13. చక్రం ఎక్కించండి. నట్ల మరలకు నూనె గానీ గ్రీజు గానీ రాయకండి. అదే టార్కుకు బోల్టు సాగిపోయేంత బిగుతు వస్తుంది. ఒకటి వదిలి ఒకటిగా, ఎదురెదురుగా బిగించండి. బండి దించాక టార్క్ రెంచ్‌తో ఆఖరు బిగింపు. మామూలు కార్లకు ఇది ఎక్కువగా 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది.

14. కదిలించేముందు పెడల్ తొక్కండి. పిస్టన్ వెనక్కి వెళ్లింది కాబట్టి మొదటిసారి తొక్కితే పెడల్ నేలదాకా పోతుంది, బ్రేకు పడదు. గట్టిగా ఆగేదాకా నిదానంగా పలుమార్లు తొక్కండి. ఇది మర్చిపోయి గేరు వేసినవాళ్లు గోడకో ముందున్న బండికో గుద్దుతారు. తర్వాత ఆయిల్ మట్టం చూసి, తగ్గితే డబ్బా మూత మీద రాసిన రకమే పోయండి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 గ్లైకాల్ రకాలు. డాట్ 5 సిలికాన్ రకం, వాటితో కలపకూడదు. ఎన్నాళ్లుగానో తెరిచి ఉన్న డబ్బాలోది వాడకండి, అది గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది.

సరిగ్గా కుదిరిందా, ఎలా తెలుస్తుంది?

ఖాళీ స్థలంలో నడక వేగంతో రెండు మూడుసార్లు ఆపి చూడండి. తర్వాత రద్దీ లేని రోడ్డు మీద గంటకు 50 కి.మీ. వేగం నుంచి 15కి, ఓ మోస్తరుగా బ్రేకు వేస్తూ పదిసార్లు తగ్గించండి. మధ్యలో అర నిమిషం వ్యవధి ఇవ్వండి, పూర్తిగా ఆపకండి. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కి పట్టుకుని నిలబడితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడుతుంది. చివర్లో కాసేపు బ్రేకు వాడకుండా నడిపి చల్లార్చండి. ప్యాడ్ల ప్యాకెట్ మీద వేరే పద్ధతి రాసి ఉంటే అదే పాటించండి. మొదటి 200, 300 కి.మీ. వరకు అవసరమైతే తప్ప గట్టి బ్రేకులు వద్దు.

ఇంటికి వచ్చాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. రెండు వైపులా వేడి ఇంచుమించు సమానంగా ఉండాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా తేలిక.

తేడా కనిపిస్తే ఇలా వెతకండి:

- పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంది: లోపల గాలి ఉంది, బ్లీడ్ చెయ్యాలి. అప్పటిదాకా బండి తీయొద్దు.
- ఒక చక్రం బాగా వేడెక్కుతోంది, మాడిన వాసన: ప్యాడ్ బిగుతుగా కూర్చుంది, లేదా పిన్ను పట్టేసింది. పైకెత్తి చేత్తో తిప్పండి. కొద్దిగా రాసుకుంటూ తిరగడం మామూలే, ఆగిపోకూడదు.
- బండి ఒక పక్కకు లాగుతోంది: రెండో వైపు పిన్నులు, గొట్టం చూడండి. ఒక ప్యాడ్‌కు గ్రీజు తగిలినా ఇలాగే ఉంటుంది. గ్రీజు పీల్చిన ప్యాడ్‌ను కడిగి వాడకండి, జత మొత్తం మార్చండి.
- కీచుమంటోంది: మొదటి వంద కిలోమీటర్లు ఆగండి. ఆ తర్వాతా ఉంటే క్లిప్పులు, వెనుక రేకు మీద గ్రీజు, హెచ్చరిక రేకు వంగడం చూడండి.
- బ్రేకు వేస్తే స్టీరింగు వణుకుతోంది: హబ్బు ముఖం మీద తుప్పు మిగిలింది, లేదా చక్రం నట్ల బిగుతు సమానంగా లేదు.
- టకటక చప్పుడు: క్లిప్పు కూర్చోలేదు, లేదా స్లైడ్ బోల్టు వదులుగా ఉంది. వెంటనే ఆపి చూడండి.

50 నుంచి 100 కి.మీ. తిరిగాక చక్రం నట్లను టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూడండి. అదే సమయంలో ఆయిల్ మట్టం, కాలిపర్ వెనుక తడి కూడా చూసుకోండి.